పీకే కదా అని పారేస్తే...

పొద్దున్నే కొమరోలు బస్టాండు దగ్గర ఏ టీ బంకు ముందైనా కాసేపు నిల్చోండి. గ్లాసు ఖాళీ అయ్యేలోపు చేతిలో సిగరెట్టూ అయిపోతుంది. ఆఖరి దమ్ము లాగి పీకను రెండు వేళ్లతో చిమ్మేస్తారు. గిద్దలూరు బస్సెక్కాక అది గుర్తుండదు. మరి ఆ పీక ఎక్కడికి పోతుంది?

'దూదే కదా, మట్టిలో కలిసిపోతుంది' అనుకుంటారు చాలామంది. ఫిల్టర్లో ఉండేది దూది కాదు, సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్ పోగులు. అవి ముక్కలవడానికే ఏళ్లు పడుతుంది. పైగా పొగలోంచి వడకట్టిన నికోటిన్, తారు అందులోనే ఉంటాయి. లీటరుకు ఒక్క పీక చొప్పున నానబెట్టిన నీళ్లలో చేపల్ని వదిలితే, నాలుగు రోజుల్లో దాదాపు సగం చచ్చిపోయాయని అమెరికాలోని శాన్ డియాగో పరిశోధకులు 2011లో తేల్చారు.

నీటి విలువ ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన వేసవులు ఎన్ని చూడలేదు! కురిసే ఆ కాస్త వానా రోడ్డు మీది పీకల్ని ఊడ్చుకుని కాలువలోకి, అక్కణ్నుంచి వాగుల్లోకి పోతుంది. సగిలేరు దాకా, పెన్న దాకా. ఎండాకాలంలో ఇంకో భయం... నంద్యాల దారి నల్లమల గుండానే పోతుంది. బస్సు కిటికీలోంచి విసిరిన, నిప్పు ఆరని పీకకు ఎండుటాకు దొరికితే చాలు.

బీడీ సంగతేంటంటారా? ఫిల్టరుండదు, ఆకు కాబట్టి మట్టిలో కలుస్తుంది. ఊపిరితిత్తులకు మాత్రం ఏ తేడా లేదు లెండి!

పొగాకు మనకు కొత్త కాదు. పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలు ఉన్నది ఇటువైపే. నారు పోసిన దగ్గర్నుంచి బేలు కట్టేదాకా ప్రతి పైసా లెక్క చెప్పగల రైతులున్నారు. చివర్లో మిగిలే ఆ ముక్క లెక్కే ఎవరికీ పట్టలేదు. బహిరంగ ప్రదేశాల్లో పొగతాగితే 200 రూపాయల దాకా జరిమానా వేసే నిబంధనలు 2008 అక్టోబరు 2న వచ్చాయి. వాటిలో బస్టాపులూ ఉన్నాయి కానీ పీకల ఊసు లేదు.

జపాన్‌లో చాలామంది జేబులో పట్టే చిన్న యాష్‌ట్రే వెంట పెట్టుకుంటారు. నోయిడాలోని 'కోడ్ ఎఫర్ట్' సంస్థ పీకలు సేకరించి, శుద్ధి చేసి, ఆ పోగుల్ని బొమ్మల్లో కూరుతోంది.

మనకు అంత హంగు అక్కర్లేదు. బంకు ముందు సగం ఇసుక పోసిన పాత నూనె డబ్బా పెడితే సరి. ఇసుకలో గుచ్చితే నిప్పూ ఆరుతుంది. అది నిండాక మాత్రం పక్క కాలువలో బోర్లించకండి. కవర్లో మూటగట్టి పంచాయతీ చెత్త బండి వాళ్లకు విడిగా ఇవ్వండి.