మంచు మనిషి ధమనులు

1991 సెప్టెంబరులో, ఇటలీ ఆస్ట్రియా దేశాల సరిహద్దున, ఆల్ప్స్ పర్వతాలలో 3,210 మీటర్ల ఎత్తున, మంచులోంచి ఒక శవం బయటపడింది. ఎవడో కొండలెక్కేవాడు ఈమధ్యనే పోయి ఉంటాడనుకున్నారు. తీరా పరీక్షిస్తే అతను చనిపోయి 5,000 ఏళ్ళు దాటింది! దగ్గరలో రాగి గొడ్డలి, ఎలుగుతోలు టోపీ దొరికాయి. అతనికి ఓట్సీ అని పేరు వచ్చింది.

ఓట్సీకి 45 ఏళ్ళ వయసుంటుంది. బక్కపలచని మనిషి, కొండలెక్కి దిగినవాడు. పొగాకును అప్పటి యూరపు ఎరగనే ఎరగదు. అయినా స్కాను తీస్తే, మెడ ధమనుల్లోనూ, పొట్టగుండా పోయే బృహద్ధమనిలోనూ సున్నపు పెచ్చులు కనిపించాయి. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిపడుతుందే, అలాంటివన్నమాట.

అంత నడిచేవాడికి ఇదేమిటి? ఇందులో వయసు పని కొంత, పుట్టుక పని కొంత.

ధమని గోడలో ఎలాస్టిన్ అనే సాగే పదార్థం ఉంటుంది. దాన్ని మన శరీరం తల్లి కడుపులోనూ, చిన్నతనంలోనూ తయారుచేసుకుంటుంది. పెద్దయాక కొత్తది దాదాపు పుట్టదు. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా ధమని సాగి ముడుచుకుంటుంది. ఏళ్ళ తరబడి సాగీ సాగీ ఆ పోగులు తెగి, గోడ పాత సైకిల్ ట్యూబులాగా బిరుసెక్కుతుంది. గోడలో కొవ్వు చేరి, అక్కడ సున్నం పేరుతుంది. ఇది అందరికీ జరిగేదే. కాని అందరికీ ఒకే వేగంతో జరగదు.

ఎందుకంటే, మనలో 23 జతల క్రోమోజోములున్నవి. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. తొమ్మిదవ జతలో ఒకచోట గుండెజబ్బు ముప్పును పెంచే మార్పు కొందరికి ఉంటుంది. ఓట్సీకి అది జతలోని రెండింటిలోనూ ఉన్నదని 2012లో తెలిసింది.

"మా తాతకు గుండెపోటు వచ్చిందండీ, నాకూ వస్తుందా?" అని మా బడిలో పిల్లలు అడిగేవారు. రావాలని లేదు. ఆ మార్పు ఉన్నవారిలో ఎందరికో ఆ జబ్బే రాదు. ముప్పు వేరు, జబ్బు వేరు. అయితే ఇంట్లో తండ్రికో అన్నకో 55 ఏళ్ళలోపున, తల్లికో అక్కకో 65 ఏళ్ళలోపున గుండెపోటు వచ్చి ఉంటే, ఆ సంగతి వైద్యుడికి చెప్పి తీరాలి. మన పెద్దలు ఇలాంటివి ఎందుకో దాచిపెడతారు! కొన్ని కుటుంబాలలో పుట్టుకతోనే రక్తంలో కొలెస్టరాల్ హెచ్చుగా ఉంటుంది. పిల్లలకు రక్తపరీక్ష చేస్తే అది బయటపడుతుంది, దానికి మందులూ ఉన్నవి.

ఓట్సీని మాత్రం ఆ పెచ్చులు చంపలేదు. 2001లో ఎక్స్‌రే తీసినప్పుడు, అతని ఎడమ భుజంలో చెకుముకిరాతి బాణపు ములికి కనబడింది. అది వెనకనుంచి వచ్చి, చేతికి రక్తం తీసుకుపోయే ధమనిని చీల్చింది.