యలహంక విమానాల్లో రెండు ఘటాలు

హిందూపురం మీదుగా బెంగళూరు వెళ్లే రైళ్లు నగరంలోకి అడుగుపెట్టే ముందు దాటే జంక్షను యలహంక. అక్కడి వైమానిక దళ స్థావరంలో 1996 నుంచి రెండేళ్లకోసారి ‘ఏరో ఇండియా’ ప్రదర్శన జరుగుతోంది. పదిహేనోది 2025 ఫిబ్రవరిలో జరిగింది. ప్రదర్శనకు వచ్చే జనం చూపంతా ఆకాశంలో పల్టీల మీదే ఉంటుంది గానీ, ఆ విమానాల్లో చాలావాటికి నేల మీద తొలి కదలికను, నేరుగానో, ఒక చిన్న సహాయక ఇంజను ద్వారానో ఇచ్చేది ఒక మూలన అమర్చిన బ్యాటరీ. ఆ బ్యాటరీలో ఏ రసాయన సూత్రం పనిచేస్తుందో, నిర్వహణ సిబ్బంది ఏమరుపాటుగా ఉంటే అదే సూత్రం విమానపు రేకులను లోలోపల తినేస్తుంది. గాల్వానిక్ ఘటాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెంటినీ కలిపి చూడడమే మంచి దారి.

రసాయన చర్యలో విడుదలయ్యే శక్తిని వేడిగా పోనివ్వకుండా విద్యుత్తుగా రాబట్టే అమరికే గాల్వానిక్ ఘటం. రెండు వేర్వేరు లోహాలు తగిలినప్పుడు కప్ప కాళ్లు అదరడాన్ని జంతువులోని విద్యుత్తుగా 1791లో ప్రకటించిన ఇటలీ శాస్త్రవేత్త లుయీజీ గాల్వానీ పేరు దానికి నిలిచింది. మూలం కప్పలో లేదని, లోహాల జంటలోనే ఉందని వాదించి, జింకు, వెండి బిళ్లల మధ్య ఉప్పునీట తడిపిన అట్టముక్కలు పేర్చి 1800లో ఎడతెగని ప్రవాహాన్ని చూపినవాడు అలెస్సాండ్రో వోల్టా.

జింకు ముక్కను మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కలిపిన నీటిలో వేస్తే కాసేపటికి దాని మీద ఎర్రమట్టి రంగు రాగి పేరుకుంటుంది, నీటి నీలిరంగు వెలిసిపోతుంది, గిన్నె కొద్దిగా వేడెక్కుతుంది. ఎలక్ట్రాన్లను వదులుకునే గుణం జింకుకు రాగికంటె ఎక్కువ కాబట్టి, జింకు పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలి అయానుగా, అంటే విద్యుదావేశం గల కణంగా, నీటిలోకి దిగిపోతుంది. ఆ రెండింటినీ అందుకొని రాగి అయాను లోహంగా బయటికి వస్తుంది. ఎలక్ట్రాన్లను కోల్పోవడం ఆక్సీకరణం, పొందడం క్షయకరణం. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఒకేచోట ఉంటే చేతులు మారడం అక్కడికక్కడే జరిగిపోతుంది గనుక, ఆ శక్తి వేడిగా మాత్రమే మిగులుతుంది.

1836లో ఇంగ్లండుకు చెందిన జాన్ ఫ్రెడరిక్ డేనియల్ రూపొందించిన ఘటంలో తెలివంతా ఈ ఇద్దరినీ విడదీయడంలో ఉంది. జింకు కడ్డీ జింకు సల్ఫేట్ ద్రావణంలోను, రాగి పలక మైలుతుత్తం ద్రావణంలోను వేరువేరుగా ఉంటాయి. వాటిని బయట తీగతో కలిపితే ఎలక్ట్రాన్లకు ఆ తీగ తప్ప వేరే దారి లేదు కాబట్టి, మధ్యలో పెట్టిన దీపాన్ని వెలిగిస్తూనే అవి రాగిని చేరాలి. అయితే జింకు పక్క ధనావేశం, రాగి పక్క ఋణావేశం పోగుపడితే ప్రవాహం క్షణంలో ఆగిపోతుంది. అందుకే అయాన్లు అటూ ఇటూ కదిలి లెక్క సరిచేయడానికి డేనియల్ సన్నని రంధ్రాలున్న మట్టిపాత్రను అడ్డుగా వాడగా, నేటి పాఠ్యపుస్తకాలు లవణ ద్రావణం నింపిన వంపు గొట్టాన్ని, అంటే లవణ సేతువును, చూపిస్తాయి. ఈ జంట ఇచ్చే విద్యుత్ పీడనం (వోల్టేజి) సుమారు 1.1 వోల్టులు. ఘటాన్ని ఎంత పెద్దది చేసినా ఆ అంకె మారదు. పెరిగేది అది పనిచేసే కాలమే. 65 గ్రాముల జింకు పూర్తిగా కరిగితే ఒక ఆంపియరు ప్రవాహం దాదాపు 53 గంటలు నడుస్తుంది.

విమానాల్లో విరివిగా వాడే నికెల్–క్యాడ్మియం ఘటాన్ని స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ 1899లో కనిపెట్టాడు. ఇందులో క్యాడ్మియం ఎలక్ట్రాన్లను ఇస్తే నికెల్ సమ్మేళనం పుచ్చుకుంటుంది; ఒక్కో ఘటం 1.2 వోల్టులే ఇస్తుంది గనుక ఇరవైని వరుసగా కలిపితే విమానానికి కావలసిన 24 వోల్టులు వస్తాయి. కారు బ్యాటరీలో వాడేకొద్దీ ఆమ్లం ఖర్చయిపోతుండగా, ఇక్కడి పొటాషియం హైడ్రాక్సైడ్ చర్యలో ఖర్చు కాదు. లోపలి నిరోధం కూడా తక్కువ కాబట్టి, ఇంజను తిప్పడానికి కావలసిన భారీ ప్రవాహాన్ని చలిలో సైతం ఇవ్వగలదు. హైదరాబాదులో 1977లో మొదలైన హెచ్‌బీఎల్ సంస్థ ఈ తరహా విమాన బ్యాటరీలను తయారు చేస్తోంది.

రెండో ఘటాన్ని ఎవరూ తయారు చేయరు. యలహంక ఆకాశంలో మెరిసే తేజస్ యుద్ధవిమానపు చట్రం బరువులో దాదాపు 45 శాతం కార్బన్ ఫైబర్ మిశ్రమ పదార్థాలదే. దాని నిలువు తోకను బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఇలాంటి పదార్థంతోనే రూపొందించింది. కార్బన్ ఫైబర్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, పైగా ఎలక్ట్రాన్లను పుచ్చుకునే పక్షాన నిలుస్తుంది. దానికి అల్యూమినియం తగిలి, సందులోకి ఇంత తేమ చేరితే ఘటం పూర్తయినట్టే: అల్యూమినియం కరుగుతుంది, నీటిలోని ఆక్సిజను కార్బన్ తలం మీద ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. పెద్ద కార్బన్ పలకకు చిన్న అల్యూమినియం రివెట్టు కొట్టడం అన్నిటికంటె ప్రమాదకరం, ఎందుకంటే అంత విశాలమైన తలం కోరే ఎలక్ట్రాన్లన్నిటినీ ఆ రివెట్టు ఒక్కటే సమకూర్చాలి. ఇంజనీర్లు ఇక్కడ టైటానియం బోల్టులు వాడడం, మధ్యలో గాజునార పొర వేయడం, సందులను సీలెంటుతో మూయడం అందుకే. దుబారా అనిపించే ఆ ఖర్చు నిజానికి చవక.

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, తీరానికి దూరంగా ఉన్న బెంగళూరులో ఈ బెడద కొంత నెమ్మది. ఉప్పుగాలి వీచే విశాఖపట్నంలోని నౌకాదళ విమాన స్థావరంలో అదే విమానాన్ని మరింత తరచుగా కడగాలి, తనిఖీ చేయాలి. చిత్రమేమిటంటే, అదే విశాఖలోని నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల రూపొందించిన ‘శ్యేన’ టార్పెడో బ్యాటరీ పనిచేయడం మొదలుపెట్టేది లోపలికి సముద్రపు నీరు చేరాకే. నిల్వ ఉన్నంతకాలం పొడిగా నిద్రపోయే ఇలాంటి ఘటాల్లో మెగ్నీషియం, సిల్వర్ క్లోరైడ్ జంట ప్రసిద్ధం.

ఇళ్లలోని గడియారాలు, రిమోట్లలో వాడే చవక సెల్లులోనూ ఈ రెండు కథలూ ఉన్నాయి. దాని జింకు డబ్బానే ఋణధ్రువం కావడంతో విద్యుత్తు ఇచ్చేకొద్దీ డబ్బా పలచబడి, చివరకు చిల్లుపడి, లోపలి రసం కారి పరికరాన్ని పాడుచేస్తుంది. వాడకం లేని పరికరాల నుంచి సెల్లులను తీసి ఉంచాలి. క్యాడ్మియం, సీసం విషలోహాలు కాబట్టి పాత బ్యాటరీలను చెత్తబుట్టలో పడేయకుండా వేరుగా సేకరణకు ఇవ్వాలి; 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు వినియోగదారుడిపై ఆ బాధ్యతను స్పష్టంగా మోపాయి.