తగిలిందల్లా అతికించే రుబిస్కో

వరి ఆకులోని ప్రోటీన్లలో పెద్ద వాటా ఒక్క ఎంజైముదే. దాని పేరు రుబిస్కో. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరకు అతికించే యంత్రం ఇది. అంత సరుకు ఎందుకంటే పని మరీ నిదానం. సెకనుకు మూడు అణువులు అతికిస్తే గొప్ప.

"పట్టపగలు కూడా ఆకు కార్బన్ డయాక్సైడ్ వదులుతుందా సార్?" అని ఇంటర్ క్లాసులో ఒకమ్మాయి అడిగింది. వదులుతుంది. మామూలు శ్వాసక్రియ సంగతి అలా ఉంచితే, దానికి కాంతిశ్వాసక్రియ అని ఇంకో దారి ఉంది. అది ఈ యంత్రం చేసే పొరపాటుతో మొదలవుతుంది.

ఎంజైము అనగానే తాళం, తాళంచెవి అని పాఠం చెప్పేస్తాం. రుబిస్కోలో అయిదు కార్బన్ల చక్కెరకు తాళం ఉంది గానీ కార్బన్ డయాక్సైడ్‌కు లేదు! చక్కెర వచ్చి కుదురుకోగానే ఎంజైము దాన్లోంచి ఒక ప్రోటాన్‌ను లాగేసి, దేన్నైనా అంటుకునేలా తయారుచేస్తుంది. ఆ తర్వాత ఎదురుచూపే. కార్బన్ డయాక్సైడ్ వచ్చి తగిలితే మూడేసి కార్బన్ల ముక్కలు రెండు వస్తాయి. ఆక్సిజన్ తగిలితే అందులో ఒకటి రెండు కార్బన్ల ఫాస్ఫోగ్లైకోలేట్‌గా మిగులుతుంది. అది చక్కెర తయారుచేసే కాల్విన్ చక్రానికి పనికిరాదు సరికదా, పేరుకుంటే ఆ చక్రానికే అడ్డం.

రెండు వాయువులూ సమానంగా ఉంటే రుబిస్కో కార్బన్ డయాక్సైడ్ వైపే ఎనభై, వంద రెట్లు మొగ్గుతుంది. కానీ గాలిలో ఆక్సిజన్ 21 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. 25 డిగ్రీల దగ్గరే నాలుగైదుసార్లలో ఒకసారి ఆక్సిజన్ తగులుతుంది. ఎండ ముదిరేకొద్దీ నష్టం పెరుగుతుంది. ఈ ఎంజైము పుట్టేనాటికి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. తర్వాత దాన్ని నింపింది కిరణజన్య సంయోగక్రియే. పాపం, యంత్రాన్ని తప్పుపట్టలేం.

పాడైన ముక్కను మొక్క పారేయదు. అది గ్లైకోలేట్‌గా మారి హరితరేణువు నుంచి పెరాక్సిసోమ్‌కు, అక్కడినుంచి మైటోకాండ్రియాకు వెళ్లి, రూపాలు మార్చుకుంటూ మళ్లీ హరితరేణువుకు చేరుతుంది. మైటోకాండ్రియాలో రెండు గ్లైసిన్లు కలిసి ఒక సెరీన్ అయ్యేటప్పుడు ఒక కార్బన్ డయాక్సైడ్, ఒక అమ్మోనియా బయటపడతాయి. నాలుగు కార్బన్లలో మూడు దక్కాయి, నాలుగోది గాలిపాలు.

ఈ తిరుగుదారిని మూసేస్తే దిగుబడి పెరుగుతుందని కనెటికట్‌లో ఇజ్రాయెల్ జెలిచ్ నమ్మాడు. గ్లైకోలేట్‌ను మార్చే ఎంజైమును ఆపే రసాయనాల కోసం ఏళ్ల తరబడి వెతికాడు. ఇలినాయ్‌లో విలియం ఆగ్రెన్ బృందం మాత్రం 1971లో తప్పంతా రుబిస్కో దగ్గరే ఉందని చూపించింది. 1979లో క్రిస్ సోమర్‌విల్, ఆగ్రెన్ కలిసి తిరుగుదారిలో ఒక మెట్టు లేని అరబిడాప్సిస్ మొక్కల్ని పట్టుకున్నారు. 1 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో అవి నిక్షేపంగా పెరిగాయి, మామూలు గాలిలో పెడితే పాలిపోయాయి. దారి మూస్తే లాభం మాట అటుంచి మొక్కే దక్కదని తేలింది. నా ఓటు ఆగ్రెన్‌కే.

మరి ఆ నాలుగో కార్బన్ సంగతి? ఇక్కడే కలుపు మొక్కలు నన్ను ఆశ్చర్యపరుస్తాయి. పొన్నగంటికూర జాతిలోనే ఆల్టర్నాంథెరా టెనెల్లా అనే కలుపు ఉంది. అది మామూలు సీ3 పద్ధతికీ, కార్బన్ డయాక్సైడ్‌ను రుబిస్కో దగ్గర పోగుచేసే సీ4 పద్ధతికీ మధ్య రకమని 1986లో తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్ బృందం గుర్తించింది. దాని కిటుకును 1995లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎ.ఎస్. రాఘవేంద్ర బృందం విప్పింది. గ్లైసిన్‌ను విడగొట్టే పని ఆకు అంతటా జరగదు, ప్రధానంగా ఈనెల చుట్టూ ఉండే పుంజపు తొడుగు కణాల్లోనే. గ్లైసిన్ అక్కడిదాకా నడిచివెళ్లాలి. లోతట్టున వెలువడిన కార్బన్ డయాక్సైడ్ ఆకు దాటేలోగా దారిలోని హరితరేణువులకు మళ్లీ చిక్కుతుంది. కారడం ఆగలేదు, కారేచోటు మారిందంతే! మన పొలంగట్ల వయ్యారిభామ కూడా ఈ మధ్య రకమే. దాని పొగరు ఊరికే కాదు.

చెరకు, మొక్కజొన్న, జొన్న, సజ్జ ఇంకా ముందుకెళ్లి సీ4 పంపునే బిగించుకున్నాయి. చెరకులో ఆ దారిని 1966లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ వివరించారు. వరి, వేరుశనగ, పత్తి ఇంకా పాత సీ3 పద్ధతిలోనే ఉన్నాయి. 2019లో ఇలినాయ్ శాస్త్రవేత్తలు పొగాకులో అడ్డదారి వేశారు. నాచు నుంచి ఒక జన్యువు, గుమ్మడి నుంచి ఒకటి తెచ్చి, గ్లైకోలేట్‌ను హరితరేణువు దాటనివ్వకుండా లోపలే విరగ్గొట్టించారు. వెలువడే కార్బన్ డయాక్సైడ్ రుబిస్కో ముంగిట్లోనే పుడుతుంది. పొలంలో ఆ మొక్కలు మామూలు పొగాకు కంటే 40 శాతం ఎక్కువ బరువు తూగాయి.