బాక్టీరియాలో తయారైన చిట్టెలుక ఎంజైము

జీవకణములో జరుగు రసాయనిక చర్యలను త్వరితపరచు పదార్థములే ఎంజైములు. ఇవి చాలవరకు ప్రోటీనులు. వీనిలో డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనునది ఒకటి. పేరు పొడవైనదే కాని, దాని పని సులభముగా గ్రహింపవచ్చును.

ఫోలిక్ ఆమ్లము ఒక విటమిను. ఉదజని చేరి టెట్రాహైడ్రోఫోలేటుగా మారినప్పుడే అది కణమునకు ఉపయోగపడును. డి.ఎన్.ఏ.లోని థైమిన్ భాగమును నిర్మించునప్పుడెల్ల ఈ పదార్థము ఉదజనిని కోల్పోయి డైహైడ్రోఫోలేటుగా మిగులును. ఖాళీయైన బిందెను మరల నింపి యిచ్చినట్లు, ఎంజైము దానికి మరల ఉదజనిని చేర్చును. ఈ ఎంజైము ఆగినచో డి.ఎన్.ఏ. తయారు కాదు, కణము విభజన చెందదు.

త్వరత్వరగా విభజన చెందు కాన్సరు కణములను అరికట్టుటకు ఇది మంచి మార్గము. భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే పరిశోధనాలయమున నడిపిన కృషి నుండి అమినోప్టెరిన్ వెలువడినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ 1947లో దీనిని లుకేమియా సోకిన పిల్లలకు ఇవ్వగా, కొందరిలో వ్యాధి కొంతకాలము తగ్గినది. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. ఎంజైము అణువులో డైహైడ్రోఫోలేట్ కూర్చుండవలసిన గుంటను ఈ మందు ఆక్రమించును.

అయితే ఈ ఎంజైము అన్ని జీవులలోను ఒకే తీరుగా ఉండదు. చిట్టెలుక ఎంజైములో 186 అమైనో ఆమ్లములు ఉండగా, ఇ. కోలై అను బాక్టీరియా ఎంజైములో 159 మాత్రమే కలవు. ట్రైమెథోప్రిమ్ అను మందు బాక్టీరియా ఎంజైమును అత్యల్ప మోతాదులోనే ఆపివేయును. క్షీరదముల ఎంజైమును ఆపుటకు వేల రెట్లు కావలెను. రోగక్రిమి నశించి రోగి బ్రతుకుట ఈ భేదము వలననే. కనుక క్రొత్త మందును వెదకువారికి రెండు ఎంజైములును శుద్ధముగా చేతిలో నుండవలెను. కాని చిట్టెలుక కాలేయము నుండి లభించునది బహు స్వల్పము.

1978లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఒక ఉపాయము చేసిరి. మెథోట్రెక్సేటును క్రమక్రమముగా హెచ్చించుచు పెంచిన చిట్టెలుక కణములలో కొన్ని ఆ మందుకు లొంగకుండెను. వానిలో ఈ ఎంజైము జన్యువునకు అనేక ప్రతులు ఏర్పడినవి. అందుచేత ఆ జన్యువు సందేశమును మోయు ఆర్.ఎన్.ఏ. సమృద్ధిగా దొరికినది. దానిని చూచి డి.ఎన్.ఏ. ప్రతిని తయారుచేసి, ప్లాస్మిడ్ అను చిన్న డి.ఎన్.ఏ. వలయములో అతికించి, ఇ. కోలై కణములలో ప్రవేశపెట్టిరి.

ఇన్ని కణములలో ఎలుక ఎంజైము నిజముగా పనిచేయుచున్నది దేనిలో? దీనిని తెలిసికొనుటకు వారు పెంపక ద్రవ్యములో ట్రైమెథోప్రిమ్ కలిపిరి. బాక్టీరియా సొంత ఎంజైము ఆగిపోయెను. ఎలుక ఎంజైమును తయారుచేసికొన్న కణములు మాత్రము పెరిగినవి. ఏలనన ఆ మందుకు ఎలుక ఎంజైము లొంగదు. ఆ పెరుగుదలయే సాక్ష్యము. ఎలుక జన్యువులోని లిపిని బాక్టీరియా చదివి, పనిచేయు ఎంజైమునే నిర్మింపగలదని దీనివలన రుజువైనది.

నేడు ఇట్టి ఎంజైములను శుద్ధిచేయుటకు సాధారణముగా జన్యువు చివర ఆరు హిస్టిడిన్‌ల తోకను చేర్చుదురు. నికెల్ నింపిన గొట్టము గుండా ద్రవమును పంపగా తోక గల ఎంజైము నికెలును పట్టుకొనును. తక్కిన ప్రోటీనులు చాలవరకు కొట్టుకొనిపోవును. తరువాత ఇమిడజోల్ ద్రావణముతో ఎంజైమును విడిపింతురు.

దాని వేగమును కొలుచుటయు సులభమే. ఉదజనిని సమకూర్చు ఎన్.ఏ.డి.పి.హెచ్. 340 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకొనును. అది ఖర్చయిన కొలది పీల్చబడు కాంతి తగ్గును. మందు కలిపిన పిదప ఈ తగ్గుదల మందగించినచో, మందు ఎంజైమును నిరోధించుచున్నదన్న మాట.

కాని పరీక్షనాళికలో గెలిచిన మందు శరీరములోను గెలుచునని చెప్పరాదు. అది కణములోనికి చొరవలెను. కాలేయములో త్వరగా విచ్ఛిన్నము కాకుండవలెను. మానవుని ఎంజైములోను 186 అమైనో ఆమ్లములే ఉన్నను, అది ఎలుక ఎంజైముతో పూర్తిగా సమానము కాదు. అందుచేత చిట్టెలుకపై పరీక్షించు మందును ముందుగా చిట్టెలుక ఎంజైముతోను, మానవునికి ఉద్దేశించిన దానిని మానవ ఎంజైముతోను సరిచూడవలెను. ఈ రెంటిని పోల్చి చూచినప్పుడే, ఎలుకలో కనబడిన ఫలితమును మానవుని విషయములో ఎంతవరకు నమ్మవచ్చునో తెలియగలదు.