లక్ష రూపాయల కల!

ముందు నిలబడి హ్యాండిల్ పట్టుకున్న పెద్దోడు. బండి నడుపుతున్న నాన్న. వెనకాల ఓ పక్కకు తిరిగి కూర్చున్న అమ్మ. ఇద్దరి మధ్యా ఇరుక్కుపోయిన చిన్నది. పైన వాన, కింద బురద. బండి కాస్త జారిందంటే..?

మన రోడ్ల మీద రోజూ కనిపించే దృశ్యమే ఇది. చూసి చూసి అలవాటైపోయింది కాబట్టి పెద్దగా పట్టించుకోం. రతన్ టాటా మాత్రం పట్టించుకున్నారు. స్కూటరు ఖరీదుకు కాస్త అటూ ఇటూగా ఈ కుటుంబానికి ఓ కారు ఇవ్వలేమా అనుకున్నారు. అలా పుట్టిందే నానో. దేశమంతా ఎదురుచూసిన ఆ బుల్లి కారు పదేళ్లు తిరిగేసరికి కనుమరుగైపోయింది. ఎందుకలా?

మాటంటే మాటే!

రతన్ టాటా చదివింది ఆర్కిటెక్చర్. తీరిక దొరికితే కాగితం మీద బొమ్మలు గీయడం ఆయనకు అలవాటు. మొదట్లో ఆయన గీసింది కారు కానేకాదు. స్కూటరునే ఇంకాస్త భద్రంగా చేయడమెలా అని ఆలోచించారు. గీయగా గీయగా రెండు చక్రాలు నాలుగయ్యాయి. తలుపులూ కిటికీలూ లేని ఓ బండి తయారైంది. చివరికి, చేస్తే పూర్తిస్థాయి కారే చేయాలని నిర్ణయించారు.

మరి ధర? 2003లో జెనీవా మోటార్ షోలో ఓ బ్రిటిష్ పత్రిక విలేకరి అదే అడిగితే, లక్ష రూపాయల ప్రాంతంలో ఉండొచ్చన్నారాయన. మర్నాడు పత్రికలో ‘టాటాల లక్ష రూపాయల కారు’ అని వచ్చేసింది. ఖండించవచ్చు. కానీ ఆయన ఆ అంకెనే లక్ష్యంగా తీసుకున్నారు.

ఇంకేముంది... దాదాపు 500 మంది ఇంజినీర్లు పనిలోకి దిగారు. ప్రతి రూపాయికీ లెక్క కట్టారు. 624 సీసీల రెండు సిలిండర్ల ఇంజిన్‌ను వెనక పెట్టారు. దాంతో పొడవు 3.1 మీటర్లే అయినా లోపల నలుగురికి సరిపడా చోటు దొరికింది. అద్దానికి ఒకటే వైపర్. చక్రానికి మూడే నట్లు. బేసిక్ మోడల్‌కు బయట ఒక్కటే అద్దం. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. వెనక డిక్కీ తలుపు తెరుచుకోదు. పెట్రోలు పోయించాలంటే ముందు బానెట్ ఎత్తాల్సిందే!

2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో నానోను తొలిసారి జనం ముందుకు తెచ్చారు. ‘మాటంటే మాటే’ అని రతన్ టాటా ప్రకటించగానే చప్పట్లు మార్మోగాయి.

సింగూరు నుంచి సనంద్‌కు

అయితే అప్పటికే ఓ పక్క సెగ రాజుకుంది. కార్ల ఫ్యాక్టరీ కోసం పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో అక్కడి వామపక్ష ప్రభుత్వం 997 ఎకరాలు సేకరించింది. పంటలు పండే భూములు ఇవ్వబోమని చాలామంది రైతులు ఎదురు తిరిగారు. మమతా బెనర్జీ నాయకత్వంలో ఉద్యమం ఉద్ధృతమైంది. 2008 అక్టోబరు 3న టాటాలు సింగూరుకు దండం పెట్టేశారు. మా దగ్గరికి రండంటూ ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర సహా పలు రాష్ట్రాలు పోటీపడ్డాయి. నాలుగు రోజులు తిరిగేసరికి గుజరాత్‌లోని సనంద్ ఖరారైంది.

సింగూరు భూసేకరణ చెల్లదని, రైతుల భూములు వారికి తిరిగి ఇచ్చేయాలని 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మధ్యతరగతికి కారు ఇవ్వాలన్న మంచి ఆలోచన అలా చిన్న రైతు బతుకుతో ఢీకొనాల్సి వచ్చింది.

సగం మంది అడిగింది ఏమిటి?

2009 మార్చిలో నానో మార్కెట్లోకి వచ్చింది. ఫ్యాక్టరీ ధర లక్షే. పన్నులూ రవాణా ఖర్చులూ కలిసేసరికి చేతికొచ్చే ధర పెరిగింది. అయినా రెండు లక్షల మందికి పైగా డబ్బు కట్టి బుక్ చేసుకున్నారు. సనంద్ ఫ్యాక్టరీ ఇంకా సిద్ధం కాకపోవడంతో మొదటి లక్ష కార్లు ఎవరికన్నది లాటరీ తీసి తేల్చాల్సి వచ్చింది.

ఆ బుకింగుల్లోనే ఓ విశేషం ఉంది. దేశాన్ని ఊరించిన లక్ష రూపాయల బేసిక్ మోడల్‌ను కోరింది అయిదో వంతు మందే. సుమారు సగం మంది ఏసీ ఉన్న ఖరీదైన రకమే కావాలన్నారు. జనం మనసులో మాట అక్కడే బయటపడింది.

పేరే బరువైంది

కారంటే మన ఇళ్లలో ఉత్త వాహనం కాదు. వీధిలో దిగినప్పుడు నలుగురూ చూడాలి. పెళ్లికి వెళితే చుట్టాలు ‘కారు కొన్నారటగా’ అని పలకరించాలి. ఏళ్ల తరబడి పొదుపు చేసి కొనుక్కున్న కారును ‘ఓహో, ఆ లక్ష రూపాయలదా’ అనేస్తే ప్రాణం చివుక్కుమంటుంది. అంత డబ్బు పెట్టేవాళ్లు ఇంకాస్త అప్పు చేసి ఆల్టో కొనుక్కున్నారు. లేదంటే పాత కారు చూసుకున్నారు.

దానికి తోడు 2010లో కొన్ని నానోలు మంటల్లో చిక్కుకున్న వార్తలు భయపెట్టాయి. ఆ ఏడాది నవంబరులో అమ్మకాలు 509కి పడిపోయాయి. కంపెనీ ఉచితంగా అదనపు రక్షణ ఏర్పాట్లు చేసి, వారంటీ పెంచింది. 2011-12లో 74 వేలకు పైగా అమ్మి కాస్త కోలుకుంది. అయితే సనంద్ ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి రెండున్నర లక్షలు! 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో నానోకు సున్నా స్టార్లు వచ్చాయి. స్కూటరు కంటే భద్రమైన బండి ఇవ్వాలని మొదలైన కారుకు అది పెద్ద దెబ్బే.

తర్వాత పవర్ స్టీరింగ్ వచ్చింది. 2015లో తెరుచుకునే డిక్కీ, ఆటోమేటిక్ గేర్లూ వచ్చాయి. ధరా పెరిగింది. పాత పేరు మాత్రం పోలేదు. ‘చౌక కారు’ అని ప్రచారం చేయడమే పొరపాటైందని చివరికి రతన్ టాటాయే ఒప్పుకున్నారు. 2018 జూన్‌లో తయారైన నానోల సంఖ్య... ఒకే ఒక్కటి. ఆ తర్వాత ఆ పేరు కార్ల జాబితా నుంచే మాయమైంది.

2022లో ముంబయిలోని తాజ్ హోటల్ ముందు ఓ తెల్ల నానో ఆగింది. అందులోంచి దిగింది రతన్ టాటా. తన కారును ఆయన చిన్నచూపు చూడలేదు. 2024 అక్టోబరు 9న ఆయన కన్నుమూశారు.

స్కూటరు మీద నలుగురు వెళ్లే దృశ్యం మాత్రం ఇంకా మన రోడ్ల మీద ఉంది. వాళ్లకు కావలసింది తక్కువ ధర ఒక్కటే కాదు, తలెత్తుకుని దిగగలిగే బండి. నానో మొదటిది ఇచ్చింది. రెండోది ఇవ్వలేకపోయింది.