మనోవ్యథ – ఉత్సాహభంగం: స్త్రీ పురుష భేదం

మోండా మార్కెట్టుకు శొంఠి, పిప్పళ్ళు కొనడానికి వెళ్ళినప్పుడు తెలిసినవారు అంగడి ముందే నాడి చూడమని చేయి చాచడం నాకు అలవాటే. ఆ మధ్య ఒక గృహస్థు చేయి చాచలేదు, ప్రశ్న వేశాడు. “వైద్యులవారూ, వ్యాపారంలో నష్టం మా ఇద్దరికీ ఒకటే కదా! నేను రోజూ దుకాణం తీస్తున్నాను, నలుగురితో మాట్లాడుతున్నాను. మా ఆవిడ గడప దాటదు, పేరంటానికి పిలిచినా పోదు. ఇది సోమరితనం కాదా?”

కాదు. ఎందుకు కాదో వివరిస్తాను.

చరక సంహిత సూత్రస్థానం 12వ అధ్యాయంలో వాయువును హర్షోత్సాహాలకు మూలంగాను, మనస్సును నడిపించేదిగాను వర్ణించారు. వ్యథ వలన వాతం ప్రకోపిస్తే మొదట సన్నగిల్లేది ఉత్సాహమే. అయితే ఒకే వ్యథ స్త్రీ పురుషులలో ఒకే రీతిగా పనిచేస్తుందా? గురుకులంలో మేము ప్రకృతి, సత్త్వబలం విచారించడం నేర్చుకున్నాము. స్త్రీల విషయంలో మాత్రం ఋతుక్రమం అడిగి ఊరుకునేవారము. అది లోపమేనని ఇప్పుడు అనిపిస్తున్నది.

అమెరికాలో కాలిఫోర్నియా ఎలుక అనే చిట్టెలుక జాతి ఉన్నది. ఇవి జంటగా కాపురం చేస్తాయి. తమ చోటు కోసం ఆడది కూడా మగదానివలెనే పోరాడుతుంది. కనుక ఓటమి బాధను రెండింటిలోనూ పరీక్షించవచ్చును. బ్రయన్ ట్రెయినర్ అనే శాస్త్రజ్ఞుని బృందం 2011లో ఈ ఎలుకలను పలుమార్లు పోరులో ఓడిపోనిచ్చి, కొన్ని వారాల పిదప కొత్త ఎలుక ఎదుట విడిచి చూసింది. మగవి మునుపటివలెనే దగ్గరకు పోయాయి. ఆడవి దూరాననే నిలిచి గమనించాయి. కాళ్ళలో సత్తువ తగ్గి కాదు, దగ్గరకు పోవాలన్న కోరిక తగ్గి. ఆ తరువాతి పరిశోధనలలో మరొక వింత తేలింది. ఆప్యాయతను పెంచుతుందని పేరుపడిన ఆక్సిటోసిన్‌ను ముక్కు ద్వారా ఇస్తే, ఓడిన మగ ఎలుకలలో చొరవ పెరిగింది. ఓటమి ఎరుగని ఆడ ఎలుకలలో సైతం అది తగ్గింది. ద్రవ్యం ఒక్కటే, ఫలం విపరీతం!

2018లో ప్రకటితమైన మరొక ప్రయోగంలో, చక్రం తిప్పి విద్యుద్ఘాతాన్ని ఆపుకోగల అవకాశం ఇచ్చారు. బాధ తన అదుపులో ఉన్న మగ ఎలుకకు తరువాత హాని అంతగా కలుగలేదు. ఆడ ఎలుకలు కూడా చక్రం తిప్పడం చక్కగా నేర్చుకున్నాయి, కాని ఆ రక్షణ వాటికి దక్కలేదు. “పనిలో పడితే అదే పోతుంది” అని ఇల్లాలికి చెప్పే మన సలహా అందరికీ ఎందుకు పనిచేయదో దీనిని బట్టి కొంత ఊహించవచ్చును. కొంత మాత్రమే, ఎలుక మనిషి కాదు గదా.

ఇంతకాలం ఇవి ఎందుకు తెలియలేదు? ప్రయోగాలన్నీ అధికంగా మగ జంతువులపైనే జరిగేవి. 2011లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, మెదడు పరిశోధనలలో మగవాటిని మాత్రమే వాడిన ప్రయోగాలు ఆడవాటిని మాత్రమే వాడిన వాటికి అయిదున్నర రెట్లు! ఋతుచక్రం వలన లెక్కలు చెదురుతాయన్న భయం దీనికొక కారణం. 2016 నుండి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, తన ధనసహాయం పొందే పరిశోధనలలో లింగభేదాన్ని కూడా పరిగణించాలని నియమం పెట్టింది.

ఇక ఆ గృహస్థు సంగతి. ఆయన అప్పటికే అశ్వగంధ పొట్లం కట్టించుకుంటున్నాడు, ఆపాను. స్త్రీలలో రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా అచ్చం ఇటువంటి నిరుత్సాహాన్నే కలిగిస్తాయి గనుక ముందు ఆ రక్తపరీక్షలు చేయించమన్నాను. థైరాయిడ్ మందు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా అశ్వగంధ పుచ్చుకోరాదు. అంతవరకు వేళకు భోజనం, రాత్రి గోరువెచ్చని నువ్వుల నూనెతో పాదాభ్యంగం చాలును. పేరంటాలకు బలవంతపెట్టవద్దనీ, ఆమెకు నచ్చిన ఒక్క మనిషిని ఇంటికే పిలవమనీ చెప్పాను. నిద్ర, ఆకలి చెడి రెండు వారాలు దాటితే మానసిక వైద్యుని చూడాలి. బ్రతుకు మీద విరక్తి మాటలు వినబడితే ఆ రోజే చూడాలి.

ఆయన పొట్లం తిరిగి ఇచ్చివేసి, పరీక్షల పేర్లు చీటీ మీద వ్రాయించుకున్నాడు.