వెతుకులాటల గ్రాఫు

2002 ఏప్రిల్‌లో ఒకసారి, జనం ఏమేం వెతుకుతున్నారో గమనించే గూగుల్ ఉద్యోగులను ఒక ప్రశ్న ఆశ్చర్యపరిచింది. క్యారల్ బ్రాడీ పుట్టింటి పేరేమిటని అమెరికాలో జనం ఉన్నట్టుండి తెగ వెతికారు. ఆవిడ నిజం మనిషి కాదు, ఎప్పుడో 1974లోనే ఆగిపోయిన ఒక టీవీ సీరియల్లో తల్లి పాత్ర. గ్రాఫు చూస్తే ఒకటి కాదు, ఐదు శిఖరాలున్నాయి. ప్రతి శిఖరమూ ఏదో ఒక గంట దాటిన 48వ నిమిషానే మొదలైంది. ఆరా తీస్తే సంగతి బయటపడింది. మన 'మీలో ఎవరు కోటీశ్వరుడు'కు మాతృక అయిన కార్యక్రమపు అమెరికా రూపంలో ఆ రోజు అదే ప్రశ్న అడిగారు. అమెరికాలో ఒక్కో టైమ్ జోన్‌లో ఆ కార్యక్రమం ప్రసారమైనప్పుడల్లా ప్రేక్షకులు కంప్యూటర్ల దగ్గరికి పరుగెత్తారన్నమాట. చిట్టచివరి చిన్న శిఖరం హవాయి దీవులది.

ఆ గ్రాఫు అప్పట్లో కంపెనీ లోపలివాళ్లకే కనిపించేది. బయటివాళ్లకు దక్కింది గూగుల్ అప్పుడప్పుడూ వేసే 'జైట్‌గైస్ట్' అనే జాబితా ఒక్కటే. అయితే వ్యాపారులకు ఇంకో కిటికీ అప్పటికే తెరుచుకుని ఉంది. 1998లో బిల్ గ్రాస్ పెట్టిన గోటూ అనే సెర్చ్ ఇంజన్, తర్వాత ఓవర్చర్‌గా పేరు మార్చుకుంది. అది మాటలను వేలం వేసేది. ఎక్కువ పాడినవాడి ప్రకటన పైన కనిపిస్తుంది. ఏ మాటను ఎంతమంది వెతుకుతారో తెలియకుండా ఎవరు మాత్రం పాడతారు? అందుకని ఏ మాటను ఎన్నిసార్లు వెతికారో చూపే పరికరాన్ని ఓవర్చర్ ఉచితంగా ఇచ్చింది. మార్కెట్ సర్వే చేయించే స్తోమత లేని చిన్న వ్యాపారికి కొనేవాళ్ల మనసు అంకెల్లో కనబడటం అలా మొదలైంది. 2003లో యాహూ ఆ కంపెనీని కొనేసింది. కొన్నాళ్లకు ఆ పరికరం మూతపడింది.

2006 మే నెలలో గూగుల్ తన గ్రాఫును అందరికీ తెరిచింది. అదే గూగుల్ ట్రెండ్స్. 2008లో దానికి తోడుగా వచ్చిన 'ఇన్‌సైట్స్ ఫర్ సెర్చ్' 2012లో అందులోనే కలిసిపోయింది. 2004 జనవరి నుంచి నేటిదాకా, తగినంతమంది వెతికిన ఏ మాటకైనా గ్రాఫు గీస్తుంది, పైసా అడగదు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది పొరపడేది ఈ గ్రాఫులోని అంకెల దగ్గరే. అది చూపే 100 అంటే వందమంది కాదు. ఒక ప్రాంతంలో ఒక వారం మొత్తం పది లక్షల వెతుకులాటలు జరిగాయనుకుందాం. వాటిలో 500 కొర్రల గురించినవి. మరోవారం మొత్తం ఇరవై లక్షలకు పెరిగింది, కొర్రలవి మాత్రం అదే 500. ట్రెండ్స్ మొదట నిష్పత్తి కడుతుంది. అన్నిటికన్నా పెద్ద నిష్పత్తి ఉన్న వారానికి 100 వేసి, మిగతావాటిని దానితో పోల్చి కుదిస్తుంది. అంచేత మొదటి వారానికి 100, రెండోదానికి 50 పడతాయి. కొర్రలు వెతికినవాళ్లు ఒక్కరూ తగ్గలేదు, అయినా గ్రాఫు సగానికి పడిపోయింది! పైగా లెక్క మొత్తం మీద కాదు, ఒక నమూనా మీద జరుగుతుంది. ఒకే మనిషి కొద్దిసేపట్లో పదేపదే వెతికితే అవన్నీ లెక్కలోకి రావు. మరీ తక్కువమంది వెతికిన మాటకు సున్నా పడుతుంది.

ఈ యంత్రాన్ని అతిగా నమ్మితే ఏమవుతుందో గూగులే చూపించింది. 2008లో మొదలుపెట్టిన 'ఫ్లూ ట్రెండ్స్' జ్వరం, దగ్గు లాంటి వెతుకులాటల ఆధారంగా ఫ్లూ వ్యాప్తిని అంచనా కట్టేది. 2012-13 శీతాకాలంలో ఆ అంచనా అమెరికా ప్రభుత్వ లెక్కకు దాదాపు రెట్టింపు తేలింది. 2015లో ఆ అంచనాలు ప్రచురించడం ఆపేశారు. వెతికినవాళ్లందరికీ జబ్బు లేదు. అలాగే వెతికినవాళ్లందరూ కొనరు కూడా.

మరి కొనేవాళ్లు తక్కువగా ఉన్న మార్కెట్‌కు ఇది పనికొస్తుందా? కోనసీమ జిల్లా ఆత్రేయపురం పూతరేకులనే తీసుకోండి. 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి నుంచి అమెరికాలోని తెలుగువాళ్లకు పంపాలనుకునే ఒకామె ట్రెండ్స్‌లో అమెరికాను ఎంచుకుని ఆ పేరు కొడితే, తగినంత డేటా లేదన్న జవాబు రావచ్చు. నిరాశపడనక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరును ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కనుక, ఉన్న కాస్త గిరాకీ కూడా ముక్కలైపోతుంది. అసలు కొనేవాళ్లు వాట్సాప్‌లో చుట్టాలనే అడుగుతూ ఉండవచ్చు. అప్పుడు ఒక మెట్టు పైకెక్కి, భారతీయ మిఠాయిలన్న పెద్ద మాట కొట్టి చూడాలి. ఏ నెలల్లో గ్రాఫు లేస్తోంది, మ్యాపులో ఏ రాష్ట్రాల రంగు ముదురుగా ఉంది అన్నవి అక్కడ దొరుకుతాయి. పార్శిల్ ఎప్పుడు కట్టాలో తేల్చుకోవడానికి ఆ నెలలే ఆధారం.

తర్వాత మెట్టు దిగి సెర్చ్ పెట్టె దగ్గరికి రావాలి. మాట సగం కొట్టగానే మిగతాది అందించే సదుపాయాన్ని 2004 డిసెంబరులో గూగుల్ ఇంజినీరు కెవిన్ గిబ్స్ తెచ్చాడు. రోజువారీ పనికి బయట, సొంత ఆలోచనలకు కంపెనీ ఇచ్చిన సమయంలో చేసిన పని అది. పూతరేకులు అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఒక్కో అక్షరమే వేస్తూ వెళ్లండి. బెల్లంవి అని వస్తోందా, ధర అని వస్తోందా, తయారీ విధానం అని వస్తోందా? తయారీ గురించి అడిగేవాళ్లలో వంటింట్లో చేసుకోవాలనుకునేవాళ్లు ఎక్కువ. ధర అడిగేవాళ్లే మన బేరం. ఈ తేడాను ట్రెండ్స్ గ్రాఫు తనంతట తాను చెప్పదు, అడిగిన మాటలే చెబుతాయి. నా దృష్టిలో చిన్న వ్యాపారికి గ్రాఫు కన్నా ఈ జాబితాయే విలువైనది.

మళ్లీ గ్రాఫు అంకెల సంగతికొస్తే, 2025 జులైలో గూగుల్ కొందరికి ప్రయోగాత్మకంగా ట్రెండ్స్ ఏపీఐని, అంటే ప్రోగ్రాముల ద్వారా నేరుగా డేటా తీసుకునే దారిని, ఇచ్చింది. అందులో అంకెలు అడిగిన ప్రతిసారీ కొత్త వందకు కుదించుకుపోవు కాబట్టి, నెలనెలా తీసిన లెక్కలను ఒకదానికొకటి అతికించవచ్చు. మామూలు ట్రెండ్స్‌లో ఆ వీలు లేదు. పోయిన నెల 40కీ ఈ నెల 60కీ కొలమానమే వేరు కావచ్చు. అందుకే రెండు నెలలను పోల్చాలంటే పాత గ్రాఫును పక్కన పెట్టుకోకుండా, ఆ రెండు నెలలూ కలిసొచ్చేలా ఒకే గ్రాఫు మళ్లీ తీయాలి. తీసిన తేదీ, ఎంచుకున్న కాలం, ప్రాంతం దాని పక్కనే రాసిపెట్టుకోవాలి.